ముప్పై రెండు జీబీల ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు

భారతదేశంలో 2016లో పది వేల రూపాయల లోపు ధరకు కొత్త ల్యాప్‌టాప్‌లు దుకాణాలకు వచ్చాయి. ఐబాల్ సంస్థ కాంప్‌బుక్ పేరుతో 11.6 అంగుళాల తెర ఉన్న యంత్రాన్ని, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఆర్‌డీపీ సంస్థ థిన్‌బుక్ పేరుతో 14.1 అంగుళాల తెర ఉన్న యంత్రాన్ని ఆ ఏడాదే 9,999 రూపాయలకు విడుదల చేశాయి. రెండింటిలోనూ ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, విండోస్ 10 ఉండేవి. అంతకు రెండేళ్ల ముందే అమెరికాలో హెచ్‌పీ స్ట్రీమ్ 11 వంటి యంత్రాలు 200 డాలర్ల ధరతో ఇదే దారి తొక్కాయి. ఈ తరగతి ల్యాప్‌టాప్‌లలో నేటికీ తెర వెలుగుతున్నవి, కీబోర్డు సరిగ్గా పనిచేస్తున్నవి ఎన్నో ఉన్నాయి. వాటిని మూలన పడేసింది ప్రాసెసర్ వేగం చాలకపోవడం కన్నా, అప్‌డేట్ దిగడానికి చోటు లేదని పదే పదే తెరపై కనిపించే హెచ్చరికే. ఆ చోటు ఎక్కడికి పోతోందో అర్థం చేసుకుంటే, అటువంటి యంత్రంలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎందుకు మార్చాలో, ఎలా మార్చాలో, ఎవరు మార్చకూడదో కూడా తేటతెల్లమవుతుంది.

ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజ్, తెర, వైఫై వంటి భాగాలన్నింటినీ నడుపుతూ, వాటిని బ్రౌజర్ నుంచి లెక్కల పట్టిక వరకు ప్రతి ప్రోగ్రామ్‌కూ పంచి ఇచ్చే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అది స్వయంగా స్టోరేజ్‌లోనే నివసిస్తుంది, అక్కడి నుంచే ప్రతిసారీ ర్యామ్‌లోకి వస్తుంది, తన మరమ్మతు సరంజామాను కూడా అక్కడే దాచుకుంటుంది. అందువల్ల స్టోరేజ్ చిన్నదైనప్పుడు మొదట ఇరుకున పడేది వాడకందారు దాచుకున్న ఫొటోలు, పాటలు కావు, ఆపరేటింగ్ సిస్టమే.

ఈ చవక ల్యాప్‌టాప్‌లలోని స్టోరేజ్ సాధారణ హార్డ్ డిస్క్ కాదు, విడదీసి మార్చగలిగే ఎస్‌ఎస్‌డీ కూడా కాదు. దానిని ఈఎమ్‌ఎమ్‌సీ అంటారు. కెమెరాలలో, ఫోన్లలో వాడే మెమరీ కార్డుల కుటుంబానికి చెందిన ఈ చిప్‌ను నేరుగా మదర్‌బోర్డుకు సోల్డర్ చేసి బిగిస్తారు. సెమీకండక్టర్ పరిశ్రమ ప్రమాణాలను నిర్ణయించే జెడెక్ సంస్థ 2015లో వెలువరించిన ఈఎమ్‌ఎమ్‌సీ 5.1 ప్రమాణం ప్రకారం దాని సమాచార మార్గపు గరిష్ఠ వేగం సెకనుకు 400 మెగాబైట్లు. చవక చిప్‌లు ఆ వేగానికి చాలా దూరంలో ఆగిపోతాయి. పైగా చదవడానికీ రాయడానికీ అవే తీగలు వాడాలి కనుక ఒక సమయంలో ఒక పనే జరుగుతుంది. ఒక పక్క అప్‌డేట్ దిగుతుండగా మరో పక్క బ్రౌజర్ తెరవబోతే యంత్రం బిగుసుకుపోయినట్లు కనిపించడానికి ఇదొక కారణం.

రెండో కారణం మరింత లోతైనది. ఈ చిప్‌లో సమాచారాన్ని దాచేది నాండ్ ఫ్లాష్ అనే జ్ఞాపక కణాల సముదాయం. 1980లలో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా బృందం దానిని రూపొందించింది. నాండ్ ఫ్లాష్‌లో రాయడం పేజీ అనే చిన్న ప్రమాణంలో జరుగుతుంది గానీ, చెరపడం మాత్రం వందలాది పేజీలు కలిసిన బ్లాక్ అనే పెద్ద ప్రమాణంలోనే సాధ్యమవుతుంది. ఒకసారి రాసిన పేజీపై నేరుగా మళ్లీ రాయలేము. కాబట్టి ఒక ఫైలులో ఒక అక్షరం మారినా, చిప్‌లోని కంట్రోలర్ ఆ పేజీ కొత్త ప్రతిని వేరే ఖాళీ పేజీలో రాసి, పాతదాన్ని పనికిరానిదిగా గుర్తు పెట్టుకుంటుంది. తీరిక దొరికినప్పుడు ఒక బ్లాక్‌లో మిగిలిన పనికొచ్చే పేజీలను మరోచోటికి తరలించి, ఆ బ్లాక్ మొత్తాన్ని చెరిపి ఖాళీ చేసుకుంటుంది. సామాన్లతో నిండిపోయిన గదిని సర్దాలంటే కొన్నింటినైనా తాత్కాలికంగా పెట్టుకోవడానికి ఒక ఖాళీ మూల కావాలి. ఆ మూల కూడా నిండిపోతే సర్దడం ఎంత కష్టమో, నిండిన ఫ్లాష్ చిప్‌లో రాయడం కూడా అంతే కష్టమవుతుంది. ఒక చిన్న ఫైలు రాయడానికి దానికి ఎన్నో రెట్లు సమాచారాన్ని కంట్రోలర్ అటూ ఇటూ జరపాల్సి వస్తుంది, చిప్ ఆయువు కూడా ఆ మేరకు తరుగుతుంది. స్టోరేజ్ నిండిన ల్యాప్‌టాప్ నత్తనడక నడవడం, నాలుగైదు జీబీలు ఖాళీ చేయగానే కాస్త తేరుకోవడం ఈ కారణం వల్లనే.

ఇప్పుడు 32 జీబీల లెక్క చూడాలి. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో జీబీ అంటే 1024ను మూడుసార్లు హెచ్చించగా వచ్చే 107 కోట్ల పైచిలుకు బైట్లు. అందువల్ల పెట్టెపై 32 అని రాసినది తెరపై 29.8గా కనిపిస్తుంది. అందులో బూట్ పార్టిషన్, మరమ్మతు పార్టిషన్ పోగా మిగిలిన దానిలో విండోస్ ఫైళ్లు కూర్చుంటాయి. వాటికి తోడు ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు, యంత్రాన్ని గాఢనిద్రలోకి పంపేటప్పుడు ర్యామ్‌లోని సమాచారాన్ని భద్రపరచే హైబర్నేషన్ ఫైలు, పాత భాగాల ప్రతులను దాచే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డరు ఉంటాయి. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పాత విండోస్‌ను తీసివేయకుండా దాని పక్కనే కొత్త విండోస్‌ను పరచి, అంతా సజావుగా ఉందని తేలాకే పాతదాన్ని తొలగిస్తారు. అంటే కొంతకాలం పాటు రెండు విండోస్‌లకు చోటు కావాలి. మైక్రోసాఫ్ట్ ఈ ఇబ్బందిని గుర్తించే 2019 మే నెల వెర్షన్ నుంచి కొత్త యంత్రాలలో సుమారు 7 జీబీలను అప్‌డేట్ల కోసం ముందుగానే కేటాయించింది. అదే సమయంలో కొత్త యంత్రాలకు కనీస స్టోరేజ్‌ను 32 జీబీలకు పెంచింది. ఆ కేటాయింపు 256 జీబీల యంత్రంలో ఎవరి కంటా పడదు, 32 జీబీల యంత్రంలో మాత్రం నాలుగో వంతు చోటును తీసుకుంటుంది.

చోటు ఆదా చేయడానికి ఇంజనీర్లు ప్రయత్నించలేదని కాదు; ఆ ప్రయత్నాల చరిత్రే ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తికరమైనది. 2007లో వచ్చిన ఆసుస్ ఈఈఈ పీసీ 701లో స్టోరేజ్ 4 జీబీలు మాత్రమే. అందులోని జాండ్రాస్ లినక్స్‌ను రెండు పొరలుగా అమర్చారు: కింది పొర మార్చడానికి వీల్లేని మూల వ్యవస్థ, పై పొర వాడకందారు చేసిన మార్పులు, రెండూ కలిసి ఒకే ఫైళ్ల చెట్టులా కనిపించే ఏర్పాటు అది. యంత్రాన్ని మొదటి స్థితికి తేవాలంటే పై పొరను చెరిపితే చాలు, ఇది దాని గొప్ప సౌకర్యం. అయితే ముందే వచ్చిన ఒక ప్రోగ్రామ్‌ను తొలగిస్తే తొలగించినట్లు పై పొరలో ఒక గుర్తు పడుతుందే తప్ప, కింది పొరలో అది ఆక్రమించిన చోటు తిరిగి రాదు. దానిని అప్‌డేట్ చేస్తే పాతది కిందా, కొత్తది పైనా రెండూ ఉండిపోతాయి. ఏడేళ్ల తరువాత 2014లో మైక్రోసాఫ్ట్ విండోస్ 8.1 కోసం విమ్‌బూట్ అనే పద్ధతిని తెచ్చింది. విండోస్ మొత్తాన్ని కుదించి ఒకే పెద్ద ఫైలుగా మరమ్మతు పార్టిషన్‌లో ఉంచి, దాని నుంచే యంత్రాన్ని నడపడం ఆ పద్ధతి సారాంశం. మరమ్మతుకూ రోజువారీ నడకకూ ఒకే ప్రతి సరిపోతుంది కనుక మొదటి రోజు ఎంతో చోటు మిగిలింది. నెలనెలా అప్‌డేట్లు వచ్చే కొద్దీ మారిన ఫైళ్ల కొత్త ప్రతులు కుదింపు లేకుండా బయట పేరుకున్నాయి, వాటి పాత ప్రతులు పెద్ద ఫైలులోనే ఉండిపోయాయి. వేర్వేరు సంస్థలు, వేర్వేరు కాలాలలో రూపొందించిన ఈ రెండు ఏర్పాట్లూ ఒకే లోపం వద్ద దెబ్బతిన్నాయి: కొనుగోలు చేసిన రోజున ఎంత చోటు మిగులుతుందనే చూశారు గానీ, మూడేళ్లు అప్‌డేట్ అయ్యాక ఎంత మిగులుతుందో చూడలేదు. విండోస్ 10లో విమ్‌బూట్‌ను విడిచిపెట్టి ఫైళ్లను విడివిడిగా కుదించే కాంపాక్ట్ ఓఎస్‌ను ప్రవేశపెట్టారు. ఇది మేలైనదే, సుమారు 2 జీబీలు ఆదా అవుతాయి, ఫైలు మారినా పాత ప్రతి చిక్కుకుపోదు. అయినా పెద్ద అప్‌డేట్ల ఆకలిని ఆ రెండు జీబీలు తీర్చలేకపోయాయి.

విండోస్ 11కు కనీసం 64 జీబీల స్టోరేజ్, 4 జీబీల ర్యామ్, టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం, జాబితాలో ఉన్న కొత్త తరం ప్రాసెసర్ కావాలి కనుక పై యంత్రాలకు ఆ దారి మూసుకుపోయింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. గృహ వాడకందారులకు ప్రకటించిన పొడిగింపు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. మద్దతు ముగిశాక యంత్రం ఆగిపోదు గానీ, కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మందు ఉండదు. బ్యాంకు లావాదేవీలు జరిపే యంత్రానికి అది చిన్న విషయం కాదు.

ఇక్కడే లినక్స్ ప్రస్తావన వస్తుంది. హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించిన కెర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గర్భభాగానికి, లినక్స్ అని పేరు. దాని చుట్టూ డెస్క్‌టాప్, బ్రౌజర్, ఇన్‌స్టాలర్ వంటివి చేర్చి పంచే సంపూర్ణ వ్యవస్థను డిస్ట్రో అంటారు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, మింట్ అటువంటివి. ఎక్స్‌ఎఫ్‌సీఈ లేదా ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో డెబియన్‌ను ఎక్కిస్తే సుమారు 5 నుంచి 8 జీబీలు సరిపోతాయి. చాలా ప్రోగ్రామ్‌లు ఉమ్మడి కోడ్ భాండాగారాలను పంచుకోవడం ఇందుకు ఒక కారణం. అప్‌డేట్ జరిగే తీరు అంతకంటే పెద్ద కారణం: వ్యవస్థ మొత్తం వేల చిన్న ప్యాకేజీలుగా విడిపోయి ఉంటుంది, ఒక్కో ప్యాకేజీ వచ్చి పాతదాని స్థానంలో కూర్చుంటుంది, పాతది వెళ్లిపోతుంది. రెండు సంపూర్ణ వ్యవస్థలు పక్కపక్కన ఉండాల్సిన అవసరం సాధారణంగా రాదు. మూడేళ్ల తరువాత ఎంత చోటు మిగులుతుందన్న ప్రశ్నకు ఈ నిర్మాణం ఇచ్చే సమాధానమే 32 జీబీల యంత్రానికి అసలైన ఊరట.

ఏ డిస్ట్రో అన్నది ర్యామ్‌ను బట్టి తేల్చుకోవాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ 16 జీబీల స్టోరేజ్‌లో ఇమిడిపోతుంది గానీ 4 జీబీల ర్యామ్ కోరుతుంది; ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో నడవవు. 2 జీబీల ర్యామ్ ఉన్న యంత్రాలకు ఎల్‌ఎక్స్‌క్యూటీతో డెబియన్, లేదా అంతకన్నా తేలికైన యాంటిఎక్స్ తగినవి. డెస్క్‌టాప్‌ను ఎంత తేలిక చేసినా బ్రౌజర్ బరువు తగ్గదన్న సంగతి మాత్రం దాచకూడదు; 2 జీబీల ర్యామ్‌పై నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఏ డిస్ట్రో అయినా ఆయాసపడుతుంది. ఈ ఇబ్బందికి జెడ్‌ర్యామ్ అనే ఏర్పాటు కొంత ఉపశమనం. ర్యామ్‌లో కొంత భాగాన్ని కుదించిన నిల్వగా మలచి, తక్షణం అవసరం లేని సమాచారాన్ని స్టోరేజ్‌కు పంపకుండా అక్కడే అణచి ఉంచడం దాని పని. స్టోరేజ్‌పై స్వాప్ ఫైలు పెట్టనక్కర్లేదు కనుక చోటు మిగులుతుంది, ఫ్లాష్ చిప్‌పై రాతలూ తగ్గుతాయి. ఫెడోరా 2020 నుంచి దీనిని మామూలు అమరికగానే ఇస్తోంది.

పెద్ద యంత్రాలలో చాలామంది విండోస్‌ను ఉంచుకుని పక్కన లినక్స్‌ను ఎక్కిస్తారు. 32 జీబీలలో ఆ కోరిక పెట్టుకోకూడదు. విండోస్‌కు ఇరవై, లినక్స్‌కు పది మిగిల్చితే రెండూ ఊపిరాడక పోతాయి. ఒకటి ఉంచాలి, ఒకటి తీసేయాలి. విండోస్‌ను తీసేయడం వెనక్కి తీసుకోలేని నిర్ణయం కాదు: ముందే విండోస్‌తో వచ్చిన ఇటువంటి యంత్రాలలో దాని లైసెన్స్ గుర్తు సాధారణంగా ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది కనుక, మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధనంతో 8 జీబీల పెన్‌డ్రైవ్‌పై ఇన్‌స్టాలర్ చేసుకుని ఉంచితే ఎప్పుడైనా వెనక్కి రావచ్చు. ఆ పెన్‌డ్రైవ్ పని విండోస్ ఇంకా నడుస్తుండగానే ముగించుకోవాలి. ఫైళ్ల ప్రతులు కూడా అప్పుడే తీసుకోవాలి. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే, అంటే తాళపు సంకేతం లేకుండా చదవలేని రూపంలో ఉంటే, లినక్స్ నుంచి ఆ ఫైళ్లు తెరుచుకోకపోవచ్చు.

ఫర్మ్‌వేర్ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తరగతి యంత్రాలలో చాలా ప్రయత్నాలు ఆగిపోయేది అక్కడే. యంత్రం ఆన్ కాగానే మొదట మేలుకుని, ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెతికి దానికి పగ్గాలు అప్పగించే శాశ్వత సాఫ్ట్‌వేర్‌ను యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ అంటారు. బే ట్రెయిల్ అనే ఆటమ్ తరంతో వచ్చిన అనేక చవక యంత్రాలలో ప్రాసెసర్ 64 బిట్‌ది అయినా యూఈఎఫ్‌ఐ మాత్రం 32 బిట్‌ది. ఫర్మ్‌వేర్ తన రకం బూట్ ఫైలునే వెతుకుతుంది. 64 బిట్ ఫైలు మాత్రమే ఉన్న పెన్‌డ్రైవ్‌ను పెడితే ఏ హెచ్చరికా లేకుండా దానిని దాటేసి విండోస్‌లోకి వెళ్లిపోతుంది. పెన్‌డ్రైవ్ చెడిపోయిందని, లేదా యంత్రం లినక్స్‌కు పనికిరాదని చాలామంది అక్కడే విరమించుకుంటారు. నిజానికి 2014లో వచ్చిన 3.15 వెర్షన్ నుంచే లినక్స్ కెర్నెల్ ఈ మిశ్రమ పద్ధతిలో బూట్ కాగలదు, డెబియన్ 2015 నాటి ఎనిమిదో వెర్షన్ నుంచి దీనికి మద్దతిస్తోంది. పెన్‌డ్రైవ్‌లోని ఈఎఫ్‌ఐ, బూట్ ఫోల్డర్లను తెరిచి చూసినప్పుడు బూట్‌ఐఏ32 అనే పేరుగల ఫైలు ఉందంటే 32 బిట్ ఫర్మ్‌వేర్‌కు అది కనిపిస్తుంది; బూట్‌ఎక్స్‌64 ఒక్కటే ఉంటే కనిపించదు.

చాలా డిస్ట్రోలు స్టోరేజ్‌ను ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ పద్ధతిని ఇస్తాయి. చెరిపే ముందు ఒక పూట ఆ పద్ధతిలో గడపడం తప్పనిసరి. వైఫై కలుస్తోందా, స్పీకర్ పలుకుతోందా, టచ్‌ప్యాడ్ స్పందిస్తోందా, మూత మూసి తెరిస్తే యంత్రం నిద్ర నుంచి లేస్తోందా అన్నవి చూడాలి. ఆటమ్ యంత్రాలలో శబ్దం, వైఫై రెండూ ఫోన్లలో వాడే తరహా చిప్‌లతో నడుస్తాయి కనుక అవే ఎక్కువగా మొండికేస్తాయి. వైఫై చిప్‌లకు కావలసిన యాజమాన్య ఫర్మ్‌వేర్ ఫైళ్లను డెబియన్ 2023 నాటి పన్నెండో వెర్షన్ నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చడం వల్ల ఈ కష్టం ఇదివరకటి కంటే బాగా తగ్గింది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వ్యవస్థకు ఒక పార్టిషన్, సొంత ఫైళ్లకు మరో పార్టిషన్ అని విడదీయడం పెద్ద డిస్కులలో మంచి అలవాటే. చిన్న స్టోరేజ్‌లో మాత్రం ఒకవైపు ఖాళీ, మరోవైపు ఇరుకు ఏర్పడుతుంది. చిన్న బూట్ పార్టిషన్ పోగా మిగిలినదంతా ఒకటిగా ఉంచడమే మేలు. లినక్స్‌లో విస్తృతంగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అత్యవసరాల కోసం ఐదు శాతం చోటును విడిగా ఉంచుతుంది, అంటే ఇక్కడ సుమారు ఒకటిన్నర జీబీ. దానిని ఒక శాతానికి తగ్గించుకోవచ్చు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ ఫైళ్లను రాసేటప్పుడే కుదించగలదు, చదివేటప్పుడు విప్పగలదు. చోటూ కలిసివస్తుంది, చిప్‌పై రాతలూ తగ్గుతాయి. తొలగించిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని చిప్ కంట్రోలర్‌కు తెలియజేసే ట్రిమ్ ఆదేశాన్ని వారానికొకసారి నడిచేలా ఉంచాలి. ముందు చెప్పుకున్న ఖాళీ మూలను కంట్రోలర్‌కు ఇచ్చేది ఆ ఆదేశమే. తరువాతి రోజుల్లో దించిన ప్యాకేజీ ఫైళ్లను, పాత కెర్నెళ్లను అప్పుడప్పుడు తొలగించాలి. ప్రతి ప్రోగ్రామ్ తన ఆధార సామగ్రిని వెంట తెచ్చుకునే ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ పద్ధతులను ఇక్కడ దూరంగా ఉంచడం ఉత్తమం.

ఈఎమ్‌ఎమ్‌సీ 5.0 ప్రమాణం నుంచి చిప్ తన అరుగుదలను తానే చెబుతుంది. లినక్స్‌లో లైఫ్ టైమ్ అనే చిన్న ఫైలులో అది రెండు అంకెల రూపంలో కనిపిస్తుంది. 1 అంటే ఆయువులో పది శాతంలోపు వాడుక, 5 అంటే నలభై నుంచి యాభై శాతం. పదహారు ఆధారంగా రాసే ఆ సంఖ్యలో బీ అక్షరం, అంటే 11, కనిపిస్తే అంచనా ఆయువు దాటిందని అర్థం. 9 దగ్గరున్న యంత్రంపై శ్రమ పెట్టడం కన్నా అందులోని ఫైళ్లను కాపాడుకోవడం ముఖ్యం, ఎందుకంటే సోల్డర్ చేసిన ఆ చిప్‌ను మార్చడం సామాన్య రిపేరు దుకాణంలో జరిగే పని కాదు.

తెలుగు వాడకందారులకు అక్షరాలు ఇప్పుడు అడ్డంకి కావు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు లినక్స్‌కు తెలుగు రూపం ఇచ్చేందుకు ఏళ్ల తరబడి పనిచేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు, గూగుల్ నోటో ఫాంట్లు డిస్ట్రోలలో దొరుకుతాయి. ఐబస్ అనే సాధనంతో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ కీబోర్డులలో దేనితోనైనా టైపు చేయవచ్చు. చిక్కంతా డీటీపీ రంగంలో ఉంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు, కరపత్రాలు యూనికోడ్‌లో ఉండవు; ఆ ఫాంటు లేనిచోట వాటి పాఠం అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ట్యాలీ కూడా విండోస్ కోసం తయారైనదే. ఈ రెండింటిపై జీవనోపాధి ఉన్నవారు చిన్న ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చకూడదు. వారికి కావలసింది పెద్ద స్టోరేజ్ ఉన్న వేరే యంత్రం. చదువు, ఉత్తరప్రత్యుత్తరాలు, వీడియో పాఠాలు, లిబ్రెఆఫీస్‌లో రాతపని మాత్రమే అవసరమైన వారికి మార్పు నిస్సందేహంగా లాభదాయకం. పాఠకులు పాత యంత్రాన్ని తుక్కు కింద అమ్మే ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఒక పూట పరీక్షించి చూడాలి. పరీక్షలో నెగ్గినా సరే, ఫైళ్ల ప్రతులు రెండు వేర్వేరు చోట్ల భద్రపరచనిదే ఇన్‌స్టాలర్‌లో డిస్కును చెరిపే మీటను నొక్కవద్దు.